ఫోటోలో నా మోచేయి

మొన్న డిసెంబరులో ఒక పత్రిక జిల్లా పేజీలో ఫోటో వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, పట్టు పరికిణీ, కుడి పాదం మీద ఆనించిన ఫిడేలు, మూసుకున్న కళ్లు. వెనక వెలుగుతున్న కాగితపు నక్షత్రం. కింద రెండు వాక్యాలు: క్రిస్మస్ సంగీత కార్యక్రమంలో చిన్నారి తన వయొలిన్‌తో అందరినీ అలరించిందని. ఫోటోకి కుడివైపు అంచున ఆకుపచ్చ జాకెట్టు చేతిలోంచి పొడుచుకొచ్చిన ఒక మోచేయి ఉంది. అది నాది.

ఆ మోచేయికి అటువైపు నేను, నాతో పాటు మరో పద్దెనిమిది మంది ఉన్నాం. పత్రిక వాళ్లను తప్పు పట్టడం లేదు. రెండు అంగుళాల జాగాలో ఇరవై ముఖాలు పట్టవు. కానీ మర్నాటి నుంచి వారం రోజులు ఊళ్లో ఎవరు ఎదురైనా ఒకటే మాట. గంటస్తంభం దగ్గర మందుల షాపు ఆయన, రైతుబజారులో ఆకుకూరలు అమ్మే ఆవిడ, మా బ్యాంకు పాత మేనేజరు, అందరిదీ అదే. "ఆ పాప ఎంత బాగా వాయించిందండీ!" ఆ తర్వాత, గుర్తొచ్చినట్టుగా, "మీరు కూడా ఉన్నారట కదా?" ఆ "కూడా" అన్న మాట దగ్గర పుట్టింది ఈ వ్యాసం.

అసూయ అనుకుంటున్నారా? కొంచెం ఉంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి పదమూడేళ్ల పిల్ల మీద అసూయపడటం ఏమంత గౌరవం కాదు కాబట్టి దాన్ని తీసి పక్కన పెడతాను. అది తీసేశాక కూడా నా దగ్గర ఒక ఫిర్యాదు మిగులుతోంది. మా ఊళ్లో సంగీతం నేర్చుకున్న మనిషికి రెండే దారులు. వేదిక నడుమ కూర్చోవాలి, లేదా మానేయాలి. ఓ మాదిరిగా వాయించే మనిషి, చివరి వరకూ ఓ మాదిరిగానే, నలుగురితో కలిసి వాయించుకుంటూ బతకడానికి చోటు లేదు. ఆ చోటు నాకు మొదటిసారిగా కంటోన్మెంటు వైపు ఒక చర్చి హాల్లో, ప్లాస్టిక్ కుర్చీల మధ్య పరిచిన జంపఖానా మీద దొరికింది.

అటక మీది పెట్టె

విజయనగరంలో కూర్చొని ఫిడేలు గురించి రాయడమంటే తిరుపతి వాళ్లకు లడ్డూ గురించి చెప్పడమే. 1919లో విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టడం, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాలు కావడం, విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని అధ్యాపకుడిగా కూర్చోబెట్టారని చెప్పుకోవడం, ఇవన్నీ ఇక్కడి పిల్లలకు ఎక్కాలతో పాటే వచ్చేస్తాయి. ఘంటసాల ఇక్కడ చదివారు. సుశీల ఇక్కడ చదివారు. నేనూ ఇక్కడే చదివాను. మూడో పేరు దగ్గర మీకు నవ్వొస్తే నా ఫిర్యాదు సగం ఒప్పుకున్నట్టే.

వందేళ్లలో ఆ గేటు దాటి లోపలికి వెళ్లిన వాళ్లలో మనకు పేర్లు తెలిసిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలిన వాళ్లు టీచర్లయ్యారు, గుమాస్తాలయ్యారు, అత్తవారిళ్లకు వెళ్లారు. వాళ్ల ఫిడేళ్లు అటకలెక్కాయి. నాది సర్టిఫికెట్ పరీక్ష పాసయిన మూడేళ్లకు ఎక్కింది. అంతకు ముందు ఒకసారి పెళ్లిచూపుల్లో వాయించాను. ఒక వర్ణం, ఒక కీర్తన. నా జీవితంలో సోలో కచ్చేరీ అంటే అదే. వచ్చిన వాళ్లు మెచ్చుకున్నారు, సంబంధం కుదిరింది, పెట్టె మూతపడింది.

బ్యాంకు ఉద్యోగంలో పాలకొండ, రాజాం, సాలూరు తిరిగినప్పుడల్లా ఆ పెట్టె కూడా సామాన్ల లారీ ఎక్కి నాతో తిరిగింది. తెరవవద్దని ఎవరూ అనలేదు. నా భర్త అయితే రెండు మూడు సార్లు అడిగారు కూడా. తెరిచి ఏం చేయాలి? కచ్చేరీ చేసే విద్య లేదు. రేడియోకి పాస్ కాగలిగే చేయి కాదు. తలుపు వేసుకొని ఒక్కదాన్నే గీసుకుంటే ఆ శబ్దాన్ని పిల్లలు ఎంతకాలం భరిస్తారు, నేను మాత్రం ఎంతకాలం భరిస్తాను? సాధన అన్నాక దేనికోసమో అయి ఉండాలి. నాకు ఆ దేనికోసం అన్నది దొరకలేదు.

పోయిన ఏడు పైడితల్లి సిరిమాను జాతర జనంలో పాత సహాధ్యాయిని ఒకామె కలిసింది. తరగతిలో నా పక్కనే కూర్చొనేది. ఇప్పుడు చర్చి క్వాయిర్‌లో, అంటే పాటల బృందంలో, పాడుతోంది. పండుగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌కు ఈసారి కీబోర్డు పెట్టి నాలుగు పాటలతో సరిపెట్టకుండా ఒక ఆర్కెస్ట్రా కడుతున్నారని, ఏ మతం వాళ్లయినా సరే వాయించే చేయి ఉంటే రమ్మంటున్నారని, ఫిడేళ్లు తక్కువయ్యాయని చెప్పింది. "నాకు సరళీ స్వరాలు కూడా తిన్నగా పలకవు ఇప్పుడు" అన్నాను. "మేము అంతకన్నా ఎక్కువేమీ అడగడం లేదులే" అంది. నా సంగీతానికి సరైన వెల కట్టి పని ఇచ్చిన మనిషి ముప్పై ఏళ్లలో ఆమె ఒక్కతే.

పెట్టె దింపి చూస్తే బ్రిడ్జి పడిపోయి ఉంది. రెండు తీగలు తుప్పు పట్టాయి. కమాను వెంట్రుకలు సగం పురుగు కొట్టేసింది. బిరడాలు మాత్రం, ఆశ్చర్యంగా, గట్టిగా నిలిచాయి.

చాప ముందు, కుర్చీలు వెనక

ఆర్కెస్ట్రా అన్న మాట విని పెద్దగా ఊహించుకోవద్దు. ఫిడేళ్లు ఏడు. అందులో అయిదుగురం కింద కూర్చొని పాదం మీద ఆనించే వాళ్లం. ఇద్దరు విశాఖపట్నం వెళ్లి పాశ్చాత్య పద్ధతిలో గ్రేడు పరీక్షలు రాస్తున్న కాలేజీ పిల్లలు, వాళ్లది గడ్డం కింద పెట్టే పట్టు. కీబోర్డులు రెండు, గిటార్లు రెండు, ఒక మాండలిన్, ఒక వేణువు, ఒక హార్మోనియం, మృదంగం, డోలక్. పోలీసు బ్యాండులో పనిచేసి రిటైరయిన పెద్దాయన కార్నెట్ అనే ఇత్తడి బాకా. ట్రయాంగిల్ పట్టుకున్న పదేళ్ల పిల్లవాడు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే దాసన్నపేట ఆయన.

ఈ క్లారినెట్ ఆయన గురించి కొంచెం చెప్పాలి. నవంబరంతా ముహూర్తాలు. రిహార్సల్‌కు వస్తానన్న రోజే ఎక్కడో ఊరేగింపు ఉండేది. ధనుర్మాసం దగ్గర పడి పెళ్లిళ్లు ఆగాక వచ్చి కూర్చున్నాడు. కాగితం ఇస్తే తిరగేసి పక్కన పెట్టాడు. చదవడం రాదు. మేము రెండు నెలలుగా కుస్తీ పడుతున్నదంతా రెండుసార్లు విని, మూడోసారి మాతో వాయించేశాడు. మా అందరిలోకీ అసలైన సంగీతజ్ఞుడు అతనేనని నాకు అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. "ఎప్పుడూ నడుస్తూనే వాయిస్తామండీ మేము. కూర్చొని వాయించడం ఇదే మొదలు" అన్నాడు. ఫోటోలో అతని మోచేయి కూడా లేదు.

క్వాయిర్ మాస్టారు రైల్వే ఉద్యోగి. ఆయనకు పాశ్చాత్యులు గీతల మీద రాసే స్టాఫ్ నొటేషన్ వచ్చు, సరిగమలు వచ్చు, రెండూ రాని వాళ్లకు వేలితో గాలిలో గీసి చూపడమూ వచ్చు. ఆయనకు వచ్చిన మొదటి చిక్కు సంగీతానికి సంబంధించినది కాదు. సోలో వాయించే అమ్మాయి ఎక్కడ ఉండాలి? పాశ్చాత్య పద్ధతిలో అయితే సోలోయిస్టు ముందుకు వచ్చి నిలబడుతుంది. ఈ అమ్మాయి నిలబడి వాయించలేదు, ఆ విద్యే వేరు. కింద కూర్చుంటే వెనక వరసల వాళ్లకు కనబడదు. చివరికి ఆదివారం బడి బల్లలు నాలుగు దగ్గరికి జరిపి, తాళ్లతో కాళ్లు కట్టి, మీద దుప్పటి పరిచారు. అది కదులుతుందేమోనని ట్రయాంగిల్ పిల్లవాడిని పక్కనే కాపలా ఉంచారు.

రెండో చిక్కు గాంధారం, అంటే "గ" స్వరం. అమ్మాయి అంతర గాంధారం మీద నిలబడితే కీబోర్డు పక్కన గరగరలాడేది. నా చేతి లోపం అనుకొని నేను సిగ్గుపడ్డాను. కాదట. కీబోర్డులో "స" నుంచి పై "స" దాకా ఉండే స్థాయిని పన్నెండు సమభాగాలుగా కోసి పెడతారు. దాని గాంధారం తంబురలో తనంత తాను పలికే గాంధారం కన్నా, ఒక అరస్వరాన్ని వంద పాళ్లు చేస్తే అందులో పద్నాలుగు పాళ్లు పైన ఉంటుంది. చెవికి అది చాలు. అమ్మాయి కిందికి రానంది, మిషను ఎలాగూ వినదు. కీబోర్డు అబ్బాయి ఆ చోట్ల ఆ ఒక్క మెట్టు నొక్కడం మానేశాడు. ఈ సంగతి కచ్చేరీ విన్న వాళ్లెవరికీ తెలియదు.

వాన వంతు

కచ్చేరీ రోజు సాయంత్రం మూడు రకాలు వాయించాం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి రెండు, అందరికీ తెలిసిన క్రిస్మస్ పాటలు కొన్ని, వాటి నడుమ ఇటలీ నుంచి వచ్చిన రెండు నిమిషాల ముక్క. ఆ ముక్క వివాల్దీ రాసిన "శీతకాలం" అనే కన్సర్టోలో, అంటే ఒక సోలో వాద్యం మిగిలిన వాద్యాలతో కలిసి నడిచే రచనలో, నడిమి భాగం. ఆ పుస్తకం 1725లో అచ్చయింది. సంగీతంతో పాటు ఒక పద్యం కూడా ఉంది: బయట వాన అందరినీ తడిపేస్తుంటే లోపల నిప్పు పక్కన నిశ్చింతగా కూర్చున్నామని. సోలో ఫిడేలు ఆ నిశ్చింత. మిగిలిన ఫిడేళ్లు కమాను పక్కన పెట్టి వేలితో తీగను మీటుతూ ఉంటాయి. అవి చినుకులు.

దాని శ్రుతి మా లెక్కలో రెండున్నర. అమ్మాయి ఫిడేలు రోజూ సవరించుకునేదీ రెండున్నరకే. మూడు వందల ఏళ్ల కిందట వెనిస్‌లో ఎవరో మా పాప కోసమే రాసి ఉంచినట్టుంది అన్నారు మాస్టారు. స్వరాలు దాదాపు మన శంకరాభరణం. మధ్యలో ఒకచోట ఆ రాగంలో లేని ప్రతిమధ్యమం తొంగి చూసి వెళ్తుంది.

మేము వాన. నా వంతు ఎంత తేలికో చెబితే నవ్వుతారు. సంగతులు లేవు, గమకం లేదు, ఒక స్వరాన్ని ఇన్నిసార్లు మీటి పక్క స్వరానికి వెళ్లడమే. ఈ తేలిక పని నాకు రెండు నెలలు పట్టింది. విడిగా మీటితే తప్పు లేదు. ఏడుగురం కలిసి మీటితే వడగళ్లు పడ్డట్టుండేది. నేనే అందరికన్నా ముందు పరుగెత్తుతున్నానని మూడో వారం బయటపడింది. ఒంటరిగా నేర్చుకున్న వాళ్లకు ఈ జబ్బు ఉంటుంది. నా తాళం నా తొడ మీద ఉంది, అది సరిగ్గానే ఉంది, ఎదుటి వాళ్లది నాకెందుకు? పక్కన కూర్చున్న రిటైర్డ్ హెడ్మాస్టారు వేలు చూసి మీటడం మొదలుపెట్టాక కుదుటపడ్డాను. ఆయన నన్ను చూసి మీటుతున్నారని తర్వాత తెలిసింది.

అమ్మాయి కష్టం ఇంకో రకం. ఆమె వాయిస్తుంటే మృదంగం ఆమెను కనిపెట్టుకొని ఉండటం అలవాటు. ఒక స్వరం ముద్దొచ్చి దాని మీద కాసేపు ఊగితే పక్కవాద్యం ఓర్పుగా ఆగుతుంది. ఇక్కడ ఊగితే మేము ముందుకు వెళ్లిపోతాం. రెండో వారంలో ఒకసారి అలాగే దారి తప్పి, కమాను దించి, మా వైపు కోపంగా చూసింది. "వాన నీ కోసం ఆగదమ్మా" అన్నారు మాస్టారు. ఆ పిల్ల కాసేపు ముఖం ముడుచుకొని, తర్వాత నవ్వి, మళ్లీ ఎత్తుకుంది.

ఆ వివాల్దీ వెనిస్‌లో ఒక అనాథాశ్రమంలో ఆడపిల్లలకు ఫిడేలు నేర్పేవాడు. పియెతా అంటారు దాన్ని. వాళ్ల కచ్చేరీలకు ఐరోపా అంతటి నుంచీ జనం వచ్చేవారు. అయితే ఆ పిల్లలు పైన, ఇనుప జాలీ వెనక కూర్చొని వాయించేవారు. కింద ఉన్న వాళ్లకు పాట వినబడేది, ముఖం కనబడేది కాదు. వాళ్లలో అన్నా మరియా అనే ఆమెకు మహా పేరు. ఆమె ఇంటిపేరు ఎవరికీ తెలియదు, ఇంటిపేరు చోట వాద్యం పేరే ఉండేది. ఆడపిల్లల్ని అలా జాలీ వెనక దాచడం మంచిదని నేను అనబోవడం లేదు. కానీ ఆ కాలపు కన్సర్టోల్లో సోలో వాయించే మనిషి తన వంతు లేని చోట ఊరికే కూర్చొనేది కాదు, అందరితో కలిసి వాయించేది. మధ్యలో నాలుగు వరుసలు విడిగా వాయించి, మళ్లీ గుంపులోకి వెళ్లిపోయేది. ఈ వెళ్లిపోవడం మనకు చేతకావడం లేదు.

పక్కవాద్యం అన్న మాట

నా వాదానికి అడ్డం వచ్చేది మా ఊరి చరిత్రే. గాత్రం వెనక నీడలా నడిచే ఫిడేలును ఒంటరిగా కూర్చోబెట్టి పూర్తి కచ్చేరీ చేయించవచ్చని చూపించిన వాళ్లలో ముందు నిలిచేది ఫిడేలు నాయుడుగారు, అదే మన ద్వారం వారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. చూపు సరిగా ఆనని మనిషి ఆ వాద్యానికి ఒక ముఖం ఇచ్చాడు. అంత పోరాడి ముందుకు తెచ్చిన ఫిడేలును మళ్లీ వరసలో కూర్చోమంటున్నానా?

అనడం లేదు. ఆయన పక్కవాద్యంలోనూ అంతే పేరున్న మనిషి. 1919 నుంచి తరగతి గదిలో పాఠాలు చెప్పి, 1936లో ప్రిన్సిపాలయ్యారు. ఆయన ఎదుట చాప మీద కూర్చున్న వాళ్లలో ఎంతమంది ద్వారం వెంకటస్వామినాయుడు అయి ఉంటారు? మనం ఆయన నుంచి శిఖరం ఒక్కటే నేర్చుకున్నాం. ఎక్కలేని వాడు ఇంటికి పోవాలన్నది మనం కలుపుకున్నది.

కచ్చేరీ అయ్యాక నాకు పాఠం చెప్పిన గురువుగారి ఇంటికి వెళ్లాను. ఎనభై దాటారు, అయ్యకోనేరు గట్టు దగ్గర ఇల్లు. చెప్పిందంతా విని, "కలిసి వాయిస్తే బ్యాండు అవుతుందమ్మా. మనోధర్మం ఎక్కడుంది అందులో?" అన్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే లేదు. రాగం ఆలపించడమంటే ఒక మనిషి తనకు ఆ క్షణాన తోచిన దారిలో వెళ్లడం. పంతొమ్మిది మందికి ఒకే క్షణాన ఒకే దారి తోచదు. మన సంగీతం ఎత్తు ఎక్కడుందో అక్కడికి నా గుంపు వెళ్లలేదు. ఒప్పుకున్నాను. "నాకు మనోధర్మం ఏ రోజు ఉందండీ?" అని మాత్రం అడిగాను. గురువుగారు చాలాసేపు నవ్వారు. పాఠం చెప్పిన రోజుల్లో అంత నవ్వు చూడలేదు.

ఇంకో ఆక్షేపణ మా తోడికోడలిది. గుంపు సంగీతం మనకు లేకపోవడమేమిటి, త్యాగరాజ ఆరాధనకు పంచరత్నాలు అందరూ కలిసి పాడరా, ధనుర్మాసంలో భజన లేదా అని. ఉన్నాయి. ఆ మాటకొస్తే మా జిల్లాల తప్పెటగుళ్లు చూడండి. పదిహేను ఇరవై మంది గుండెలకు వాద్యాలు కట్టుకొని, ఒకే దరువు మీద ఎగురుతారు. అక్కడ సోలో ఎవరని ఎవరూ అడగరు. అసలు ఆ ప్రశ్నకు అర్థమే లేదు. అయితే ఏ గుంపు కులం గుంపుదే. తప్పెటగుళ్లు ఒకరివి, పంచరత్నాల గోష్ఠి ఒకరిది, పెళ్లి బ్యాండు ఇంకొకరిది. బ్యాండు క్లారినెట్, సంగీత కళాశాల ఫిడేలు ఒకే శ్రుతికి సవరించుకోవడం నా ఎరుకలో ఆ హాల్లోనే చూశాను. గోష్ఠికి అతన్ని పిలిచారా అని తోడికోడలిని అడిగితే మాట మార్చింది.

చర్చిలో వాయించడమేమిటన్న వాళ్లు కూడా ఉన్నారు, దగ్గరి చుట్టాలే. వాళ్లకు ఒక్కటే చెప్పాను. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి మద్రాసులో ఒక ఐరోపా వాద్యగాడి దగ్గర నేర్చుకోకపోతే ఫిడేలు మన చాప మీదికి వచ్చేదే కాదంటారు. రెండు వందల ఏళ్ల కిందట అటునుంచి ఇటు వచ్చింది, ఒక ఆదివారం అటు వెళ్లొచ్చింది. ఆ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటల పైన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. వాటిని రాసిన వాళ్లలో పెద్దాయన పురుషోత్తమ చౌధరి, 1803లో పుట్టి 1890లో పోయాడు, మన ప్రాంతంలో తిరిగిన మనిషే. నాకు ఆ హాల్లో పరాయిగా తోచింది కేకు ఒక్కటే, అదీ గుడ్డు సంగతి తెలియక.

వీటన్నిటికన్నా గట్టి ఆక్షేపణ నాది నేనే వేసుకున్నాను. ఓ మాదిరిగా వాయించే వాళ్ల సంతోషం సరే, వినే వాళ్ల మాటేమిటి? రెండో కీర్తన చరణంలో మేము విడిపోయాం. కార్నెట్ ఒక ఆవర్తం, అంటే ఒక తాళం చుట్టు, ముందు, ఫిడేళ్లు వెనక, మృదంగం ఎవరి వైపు ఉండాలో తెలియక ఇద్దరినీ వదిలేసింది. మాస్టారు చేతులు చాచి పట్టుకొచ్చే లోపు ఒక చరణం గంగపాలయింది. మూడో వరసలో ఒకాయన ఫోను తీసి చూసుకోవడం నా కళ్లారా చూశాను. నా ముప్పై ఏళ్ల బాధ తీర్చుకోవడానికి ఆయన ఆదివారం ఎందుకు ఇవ్వాలి? టికెట్టు లేదు కదా అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, ఆ సమాధానం నాకే నచ్చలేదు. ఒకటి మాత్రం గమనించాను. వినడానికి వచ్చిన వాళ్లలో సగానికి పైగా మాలో ఎవరో ఒకరి మనిషి. పెళ్లి బ్యాండు క్లారినెట్ భార్య మొదటి వరసలో ఉంది, భర్త వాయిస్తుంటే కూర్చొని వినడం ఆమెకు కూడా మొదటిసారట. వాళ్లు తప్పుల్ని లెక్కపెట్టడానికి రాలేదు. మిగిలిన సగం ఆ అమ్మాయి కోసం వచ్చారు. ఆమె లేకపోతే హాలు సగం ఖాళీ, అదీ నిజమే.

నాన్నగారి షరతు

రిహార్సల్ విరామాల్లో ఆ అమ్మాయి బల్ల దిగి మా జంపఖానా మీదికి వచ్చేది. మా దగ్గర వేయించిన వేరుశనగలు ఉండేవి, అది మొదటి కారణం. రెండోది ఒక రోజు తెలిసింది. నేను షడ్జం పట్టి తీగ సవరిస్తుంటే ఆమె కూడా ఊరికే అదే షడ్జం కలిపింది. రెండూ ఒక చోటికి వచ్చేసరికి శబ్దం ఒక్కసారిగా వెడల్పయింది. ఆమె ఉలిక్కిపడి కమాను ఆపేసింది. "మళ్లీ చేద్దామా ఆంటీ" అంది. ఏడేళ్లుగా నేర్చుకుంటున్న పిల్ల. ఇంట్లో శ్రుతిపెట్టె, పాఠం దగ్గర గురువు, పోటీల్లో మృదంగం. పక్కన ఇంకో ఫిడేలుతో కలిసి అదే స్వరం పట్టడం ఆ పిల్లకు అంతవరకు తెలియదు. ఆ సాయంత్రం పావుగంట షడ్జమే వాయించాం.

మాస్టారు అది చూశారు కాబోలు, సోలో అయ్యాక మిగిలిన పాటలకు మాతో వరసలో కూర్చోమన్నారు. అమ్మాయి సరే అంది. మర్నాడు ఆమె నాన్నగారు వచ్చారు. చాలా మర్యాదగానే చెప్పారు. "సోలో అన్నారని ఒప్పుకున్నానండీ. అది అయ్యాక వెనక కూర్చోబెడితే చూసే వాళ్లు ఏమనుకుంటారు?" కచ్చేరీ రోజు అమ్మాయి తన ముక్క వాయించి, చప్పట్లు అయ్యాక బల్ల దిగి, నాన్నగారి పక్కన కుర్చీలో కూర్చుంది. మిగిలిన పాటలన్నిటికీ ఆ కుర్చీలో ఆమె వేళ్లు ఒడిలో కదులుతూనే ఉన్నాయి.

ఆయన మీద నాకు కోపం రావాలి. రాలేదు. ప్రైవేటు కంపెనీలో చిన్న ఉద్యోగం. పాఠాలకు, పోటీలకు, తీగలకు ఎంత పెడుతున్నారో నాకు తెలుసు. ఆ పిల్లకు రేపు ఒక స్కాలర్‌షిప్పు రావాలన్నా, ఒక సర్టిఫికెట్టు చేతిలో పడాలన్నా అందులో ఆమె పేరు విడిగా ఉండాలి. "బాగా కలిసి వాయించింది" అని ఎవరూ రాసివ్వరు. వెనక వరసకు మార్కులుండే పోటీ నేనెక్కడా చూడలేదు. నా ముప్పై ఏళ్ల అటక కథ చెబితే ఆయన దాన్నే తన సాక్ష్యంగా వాడుకుంటారు: చూశారా, సోలో కాకపోతే ఏమవుతుందో. అందుకే చెప్పలేదు.

అయినా ఒకటి అడగాలనిపించింది. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు వచ్చి, ఏ బెంగళూరులోనో ఉద్యోగమొచ్చి, సోలో కచ్చేరీ చేసేంత తీరిక లేనప్పుడు ఆ ఫిడేలు ఏమవుతుంది? పోటీల్లో మొదటి బహుమతులు తెచ్చుకున్న పిల్లలందరూ విద్వాంసులు కారు. నాకన్నా పదిరెట్లు బాగా వాయించిన వాళ్ల పెట్టెలు కూడా అటకల మీదే ఉన్నాయి. నాకు తెలిసినవే అయిదు.

ఈస్టర్‌కు మళ్లీ కడదామని మాస్టారు ఫోను చేశారు. క్లారినెట్ ఆయన తేదీ ముందే చెప్పమన్నాడు, ముహూర్తాలు మొదలైతే తన చేతిలో ఉండదట. అమ్మాయి వస్తుందో రాదో తెలియదు, పరీక్షలంటున్నారు.

జనవరి నుంచి ప్రతి గురువారం సాయంత్రం నలుగురం మా వరండాలో కలుస్తున్నాం. నేను, హెడ్మాస్టారు, చర్చిలో పాడే నా స్నేహితురాలు, కాలేజీ పిల్లల్లో ఒకడు. కాగితాలు మా దగ్గర ఉన్నవి ఆ వాన వంతువే కాబట్టి అవే ముందు పెట్టుకొని మీటుతాం. ఇప్పుడు వడగళ్లు తగ్గాయి. పోయిన వారం పక్కింటి ఆయన గోడ మీద చేతులు ఆనించి, కాసేపు విని, అడిగారు.

"వారం వారం వింటున్నానమ్మా, తాళం బాగా కుదిరింది. కానీ అసలు పాట ఎక్కడ?"

"వాళ్ల నాన్నగారి దగ్గర ఉందండీ" అన్నాను.